మేజరుగారి తాలూకు

జూన్ 1, ఆదివారం

ఉదయం 6.10. కొత్త డైరీ. నిజానికి కొత్తదేమీ కాదు, బార్ అసోసియేషన్ వాళ్ళు జనవరిలో ఇచ్చింది. ఐదు నెలల కాగితాలు ఖాళీగా ఉన్నాయి. వాటిని దాటుకుని ఇక్కడికొచ్చాను.

వసతి కార్యాలయం నుంచి నోటీసు వచ్చింది. జూన్ 30 సాయంత్రం ఐదింటికల్లా క్వార్టర్ ఖాళీ చేసి తాళాలు అప్పగించాలి.

న్యాయమే. ఇది మేజరుకి ఇచ్చిన ఇల్లు. మేజరు లేదు. నేను ఆవిడ భర్తని. వృత్తికి లాయర్ని.

నిర్ణయం: ముప్పై రోజుల్లో ఖాళీ చేస్తాను. ఒక్కరోజు కూడా గడువు అడగను!

పద్నాలుగేళ్ళ ప్రాక్టీసులో నేను కోర్టుల్ని అడిగింది ముఖ్యంగా ఒకటే, వాయిదా. ఏడు పోస్టింగులు, ఏడు ఊళ్ళు, ఏడు బార్ అసోసియేషన్లు. అన్నిచోట్లా నా పేరు బదిలీ లాయరే. నేను వేసిన కేసు ఒక్కటీ తీర్పు దాకా నా చేతిలో లేదు. సగంలో ఇంకొకరికి ఫైలు అప్పగించి పెట్టెలు ఎక్కించుకునేవాణ్ణి. ఒకసారి కేసు గెలిచామని క్లయింటు ఉత్తరం రాశాడు. అది రెండు పోస్టింగులు నా వెనకే తిరిగి నన్ను చేరేసరికి, ఆయన అప్పీల్లో ఓడిపోయాడు.

ఇక బదిలీలు లేవు. నన్ను ఎవరూ ఎక్కడికీ బదిలీ చేయరు.

కోర్టు వెనక వీధిలో ఒక గది చూశాను. ఒక కిటికీ, ఒక గోడ బీరువా. సరిపోతుంది.

ముప్పై రోజులు! పదిహేను చాలు.

జూన్ 2, సోమవారం

ఉదయం 5.30. లేచాను. పథకం:
వంటిల్లు, మూడు రోజులు.
లా పుస్తకాలు, రెండు రోజులు.
ముందు గది, రెండు రోజులు.
పడకగది, తర్వాత రాస్తాను.

7.00. అత్తగారి ఫోన్. రోజూ ఏడింటికి చేస్తారు. ఇద్దరం ఒకే మనిషి గురించి మాట్లాడకుండా పది నిమిషాలు మాట్లాడుకుంటాం.

"అల్లుడుగారూ, తిన్నారా?"

"ఏడే కదా అయింది అత్తయ్యగారూ."

"పెట్టెల మీద పేరు పెద్దగా రాయించండి. పోయినసారి ఎవరి సామానో కలిసిపోయి, ఆ దిక్కుమాలిన గుర్రం బొమ్మ మనకొచ్చింది."

"అది మాదేనండీ. నేనే కొన్నాను."

"మంచి బొమ్మే," అన్నారు.

8.00 నుంచి 9.40. వంటింట్లో రెండు పెట్టెలు నిండాయి. గాజు గ్లాసుల్ని సాక్సుల్లో దూర్చి సర్దడం ఆవిడ పద్ధతి. నేను కాగితం చుట్టి అందించేవాణ్ణి. ఇవాళ నేనే చుట్టి నాకే అందించుకున్నాను. పని కొంచెం నెమ్మది. అయినా ఫరవాలేదు. రెండు పెట్టెలు!

జూన్ 4, బుధవారం

ఉదయం 10.00. స్టోర్స్ నుంచి లెక్క చూసే మనిషి వచ్చారు. కాలనీలో అందరూ ఆయన్ని జాబితా గారంటారు. అసలు పేరు ఆయన భార్యకైనా గుర్తుందో లేదో. ఏ ఇల్లు ఖాళీ చేసినా, అందులో ఇచ్చిన ప్రతి వస్తువూ ఈయన కాగితంతో సరిపోవాలి. నన్ను మాత్రం పేరు పెట్టి పిలవరు. ఫోన్లో కూడా "మేజరుగారి తాలూకు ఉన్నారా?" అని నన్నే అడుగుతారు.

కుర్చీలు ఆరు, సరి. మంచాలు రెండు, సరి. బల్బు హోల్డర్లు పదకొండు, సరి. కర్టెన్ కొక్కేలు ఇరవై నాలుగు ఉండాలి.

ఇరవై ఐదు ఉన్నాయి.

ఆయన మొహం పాలిపోయింది. మళ్ళీ లెక్కపెట్టారు. ఇరవై ఐదే.

"ఒకటి ఎక్కువైతే మంచిదే కదండీ," అన్నాను.

"తక్కువైతే రాసుకోవచ్చు సార్. ఎక్కువైతే రాయడానికి కాలమ్ లేదు."

"అయితే ఒకటి పారేయండి."

"ప్రభుత్వ ఆస్తి పారేయమంటారా? మీరు లాయరు కదా!"

"అది ప్రభుత్వానిదని ఏమిటి రుజువు?"

"పారేసేముందు తేలాలిగా సార్, ఎవరిదో."

పదకొండున్నర దాకా కొక్కెం మీద చర్చ. తేలలేదు. చివరికి ఖాళీ ఫారం చేతికిచ్చారు. అడుగున సంతకం చోట "మృతుని భార్య" అని అచ్చువేసి ఉంది.

"ఇది నాకు వర్తించదు," అన్నాను.

"ఎందుకు వర్తించదు సార్? మీ కార్డు మీద కూడా అదేగా ఉంది."

నిజమే. పెళ్ళయిన కొత్తలో కుటుంబ గుర్తింపు కార్డుకి ఫారం ఇచ్చాం. ఫారంలో ఒక్కటే కాలమ్: భార్య. గుమాస్తా నన్ను పైనుంచి కిందికి చూసి, "వేరే కాలమ్ పెట్టాలంటే పైకి రాయాలి, రెండేళ్ళు పడుతుంది," అన్నాడు. సరే అన్నాను. పద్నాలుగేళ్ళుగా నేను మీసంతో ఫొటో దిగిన భార్యని. కార్డు వచ్చిన రోజు ఆవిడ నన్ను సాయంత్రం దాకా "ఏమే" అని పిలిచింది.

ఇవాళ పెట్టెలు సున్నా. కారణం: కొక్కెం.

జూన్ 7, శనివారం

ఏడో నంబరు పెట్టె తెరిచాను. రెండో పోస్టింగు నుంచి ఆవిడ నన్ను అది తెరవనివ్వలేదు. ప్రతి ఊళ్ళోనూ ఎక్కించాం, దించాం, మంచం కింద తోశాం. అందులో ఏముందని ఆవిడ్ని అడిగితే "రహస్యం" అనేది. సైన్యంలో వాళ్ళు ఆ మాట అన్నాక మళ్ళీ అడగకూడదు.

కర్టెన్లు!

ప్రతి క్వార్టర్లోనూ కిటికీల కొలత వేరు. ప్రతి ఊళ్ళోనూ కొత్తవి కుట్టించాం. పాతవి దేనికైనా పనికొస్తాయని దాచింది. ఏ ఊరి కిటికీ ఏదో ఒక్కొక్కటే పట్టి చూశాను. నీలం చారలవి మొదటి ఊరివి. పసుపుపచ్చవి ఉప్పుగాలి ఊరివి, అంచుల్లో తుప్పు మరకలు.

ఒకటి తగిలించి చూశాను. పొట్టిదైంది. ఇంకొకటి. పొడుగు. మధ్యాహ్నం రెండయ్యేసరికి ఇంట్లో ప్రతి కిటికీకీ ఏదో ఒక ఊరు వేలాడుతోంది. ఇరవై ఐదో కొక్కెం కూడా వాడేశాను.

పెట్టెలు: ఖాళీ అయినవి ఒకటి. నిండినవి లేవు. ముందుకా వెనక్కా తెలియడం లేదు. ఇంకా ఇరవై మూడు రోజులున్నాయి. కంగారేం లేదు.

జూన్ 10, మంగళవారం

సాయంత్రం 4.30. ఈ ఇల్లు తర్వాత ఎవరికిచ్చారో ఆ కెప్టెనూ ఆయన భార్యా వచ్చారు, కిటికీలు కొలుచుకోవడానికి. ప్రస్తుతం అతిథి గృహంలో ఒక గదిలో ఉంటున్నారు. రెండు సూట్‌కేసులు మంచం మీద పెడితే మనుషులు బయట నిలబడాలట.

కెప్టెన్ ఒక గోడ దగ్గర నిలబడి "సారీ సార్, మేడమ్ గురించి విన్నాం," అన్నాడు. తర్వాత "ఏ సరిహద్దులో సార్?" అని అడిగాడు.

"ఆఫీసులో. కుర్చీలో."

అందరిలాగే కొంచెం నిరాశపడి, నిరాశపడినందుకు సిగ్గుపడ్డాడు. మంచి కుర్రాడు.

ఆయన భార్య మాత్రం కిటికీలు మానేసి నా పుస్తకాల అలమార ముందు నిలబడింది.

"మీరు లాయరా సార్?"

"ఆ."

"నేనూనండి! ఇది నా మొదటి పోస్టింగు. వచ్చి తొమ్మిది రోజులైంది. ఒక్క కేసు లేదు. కోర్టు కాంటీన్లో నన్ను చూసి ఎవరో సాక్షి అనుకున్నారు."

ఆ మాట ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఏడు కాంటీన్లలో నేను కూర్చున్నాను. గుమాస్తాలతో ఎలా మాట్లాడాలి, ఏ బెంచీ మీద కూర్చుంటే క్లయింట్లు కనబడతారు, బదిలీ వస్తే ఫైలు ఎవరికి ఇవ్వాలి, అన్నీ చెప్పాను. ఆవిడ రాసుకుంది. పోస్టింగు ఎంతకాలమని అడిగాను. రెండేళ్ళన్నారట.

"మాకూ అలాగే చెప్పేవాళ్ళు," అన్నాను.

వెళ్తూ వెళ్తూ తిరిగి చూసి, "సార్, కర్టెన్లు ఎందుకిలా..." అంది. కెప్టెన్ మోచేయి పట్టుకుని తీసుకెళ్ళాడు.

జూన్ 12, గురువారం

ఉదయం 9.15. కెప్టెన్ భార్య, అదే మన లాయరమ్మ, ఒక్కతే వచ్చింది. చేతిలో వసతి నియమాల పుస్తకం. ఏమీ తోచక మొత్తం చదివేసిందట.

"సార్, ఇరవై ఏడో నియమం చూశారా? సర్వీసులో ఉండగా పోతే, వాళ్ళ భార్యకి ఆరు నెలలు ఇల్లు ఉంచాలి. మిమ్మల్ని మూడున్నర నెలలకే పొమ్మంటున్నారేం?"

"నాకు గడువు అక్కర్లేదమ్మా. నేను అడగనని నిర్ణయించుకున్నాను."

"అది వేరే సంగతి. హక్కు ఉందా లేదా?"

11.00. ఊరికే తెలుసుకుందామని వసతి కార్యాలయానికి వెళ్ళాను. ఊరికే.

అక్కడి అధికారి ఎంతో మర్యాదగా చెప్పాడు. "ఆ నియమం భార్యల కోసమండీ. మగవాళ్ళకి ఏముంది? ఎక్కడైనా ఉంటారు."

"మీరిచ్చిన కార్డు మీద నేను భార్యని."

"అది కాలమ్ సమస్య."

"ఫారంలో సంతకం కూడా భార్యగానే పెట్టమన్నారు."

"సంతకానికి భార్యే. గడువుకి కాదు."

ఇంటికి వచ్చేదాకా పళ్ళు కొరుక్కుంటూనే ఉన్నాను. నాకు గడువు వద్దు. నేనెప్పుడూ అడగలేదు. కానీ నీకు అడిగే అర్హతే లేదంటే?! పద్నాలుగేళ్ళు నా సామాను నేనే మోసుకుంటూ వాళ్ళ ఊళ్ళన్నీ తిరిగానే!

పెట్టెలు: లెక్క చూడలేదు.

జూన్ 14, శనివారం

ఉదయం 10.00. లాయరమ్మ. వకాల్తా కాగితం సిద్ధం చేసుకుని వచ్చింది.

"నా కేసు నేను వాదించుకోగలను," అన్నాను.

"మీరు కోపంలో ఉన్నారు సార్. పైగా నాకు కేసు లేదు."

"అమ్మా, నేను గెలిస్తే నీకు ఇల్లు రాదు. సెప్టెంబరు దాకా ఆ గదిలోనే, సూట్‌కేసుల పక్కన నిలబడాలి. అర్థమవుతోందా?"

"అవుతోంది సార్."

"మీ ఆయనకి?"

"ఆయనకి మెల్లగా చెప్తాను."

సంతకం పెట్టాను. గడువు అడగడం లేదు. హక్కు తేల్చుకుంటున్నాను. ఈ తేడా ఇక్కడ స్పష్టంగా రాసి పెట్టుకుంటున్నాను.

జూన్ 17, మంగళవారం

వసతి ట్రిబ్యునల్‌లో పిటిషన్ వేశాం. మంగళవారాలే కూర్చుంటుంది. ఒక్కరే అధ్యక్షుడు, ఎప్పుడూ జలుబు. జతచేసిన కాగితాలు:

ఒకటి. గుర్తింపు కార్డు. భార్య.

రెండు. కాలనీ భార్యల సంఘం పూల అలంకరణ పోటీలో రెండో బహుమతి పత్రం. "శ్రీమతి" అని నా పేరు. (మొదటి బహుమతి కల్నల్ గారి ఆవిడకి. ఎక్కడైనా అంతే. అది వాతావరణం లాంటిది.)

మూడు. "భార్యలందరూ లేతరంగు దుస్తుల్లో రావలెను" అని నాకొచ్చిన ఆహ్వానం. లేత నీలం చొక్కాలో వెళ్ళాను.

లాయరమ్మ వాదన ఇది: పద్నాలుగేళ్ళు ఒక మాట రాసిచ్చి, అవసరం పడేసరికి ఆ మాట మాది కాదంటే చట్టం ఒప్పుకోదు. బాగుంది. నాకు తట్టనందుకు కొంచెం అసూయ కూడా కలిగింది.

జూన్ 20, శుక్రవారం

మళ్ళీ దారిలో పడ్డాను! ఉదయం ఆరు నుంచి తొమ్మిది దాకా లా పుస్తకాలు నాలుగు పెట్టెలు! కేసు దారి కేసుది, నా నిర్ణయం నాది. హక్కు తేలుతుంది, నేను మాత్రం ముప్పయ్యో తారీఖున గౌరవంగా వెళ్ళిపోతాను.

9.30. లాయరమ్మ వచ్చి, పెట్టెలు చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏం చేస్తున్నారు సార్?"

"ఖాళీ చేస్తున్నాను."

"మీరు ఖాళీ చేస్తే ఇక కేసేముంది? ఇల్లే వదిలేసిన మనిషికి ఇంట్లో ఉండే హక్కు ఎందుకని కొట్టేస్తారు. తీయండి."

"ఏమిటి?"

"పుస్తకాలు. బయటికి తీయండి."

ఈ ఇంటి కోసం ఎదురుచూస్తున్న మనిషి, నేల మీద కూర్చుని, నేను కట్టిన పెట్టెలు విప్పి, నా పుస్తకాలు మళ్ళీ అలమారలో సర్దింది. వరస తప్పింది. నేను లేచి సరిచేశాను. మధ్యాహ్నానికి ఇల్లు మొన్నటికంటే నిండుగా ఉంది.

నా లాయరు మాట వినడం నా ధర్మం. ఎవర్నడిగినా ఇదే చెప్తారు.

జూన్ 24, మంగళవారం

స్టే వచ్చింది. తీర్పు వచ్చేదాకా క్వార్టర్‌లో ఉండొచ్చు.

అధ్యక్షుడు తుమ్మి, "పిటిషనరుకి గడువు మంజూరు," అన్నారు.

"గడువు కాదండీ, స్టే," అన్నాను.

లాయరమ్మ నా కోటు లాగింది.

బయట కెప్టెన్ నిలబడి ఉన్నాడు. లాయరమ్మ మెల్లగా చెప్పినట్టుంది. "కంగ్రాట్స్ సార్," అన్నాడు. తర్వాత గోడకేసి చూస్తూ, "నా భార్య మొదటి కేసు. నా ఇంటి మీదే గెలిచింది," అన్నాడు. అందులో గర్వం ఎంతో బాధ ఎంతో విడదీయలేకపోయాను.

జూన్ 30, సోమవారం

సాయంత్రం 5.00. సరిగ్గా ఐదింటికి జాబితా గారు వచ్చారు, తాళాలు తీసుకోవడానికి. స్టే సంగతి ఆయనకి ఎవరూ చెప్పలేదు. కాగితం చూపించాను. నిలబడి మొత్తం చదివారు.

"అంటే తాళాలు ఇవ్వరా?"

"ఇవాళ లేదండీ."

"అయితే టీ ఇస్తారా?"

ఇచ్చాను. గ్లాసులు సాక్సుల్లో ఉన్నాయి. రెండు తీశాను. తాగినంతసేపూ ఆయన కిటికీల వైపు చూస్తూనే ఉన్నారు. ఏడు రకాల కర్టెన్లకి ఆయన కాగితంలో ఏ కాలమూ లేదు.

వెళ్తూ గుమ్మం దగ్గర ఆగారు.

"మేడమ్ గారు మొదటిరోజు నాతో పాటు నిలబడి కొక్కేలు లెక్కపెట్టారు సార్. ఇరవై ఐదు వచ్చాయి. 'ఇరవై నాలుగు రాయండి, ఒకటి నేను చూసుకుంటాను' అన్నారు. మొన్న మళ్ళీ ఇరవై ఐదే వచ్చినప్పుడు మీకు చెబుదామనుకున్నాను, నోరు రాలేదు."

ముప్పయ్యో తారీఖు అయిపోయింది. రాయడానికేమీ లేదు.

జూలై 8, మంగళవారం

విచారణ. మా సాక్షి జాబితా గారు. కొత్త చొక్కా వేసుకొచ్చారు.

లాయరమ్మ అడిగింది. "ఈయన మీకు తెలుసా?"

"తెలుసండీ. మేజరుగారి తాలూకు."

"రికార్డు ప్రకారం ఈయనెవరు?"

"భార్యండీ."

వసతి కార్యాలయం లాయరు లేచాడు. "ఈయన మగవాడని మీకు కనబడటం లేదా?"

"కనబడుతోందండీ. నేను కనబడింది రాయను. కాలమ్‌లో ఉన్నది రాస్తాను."

"మరి మీ ఉద్దేశంలో ఈయన భార్యా కాదా?"

జాబితా గారు చాలాసేపు ఆలోచించారు. "నేను పాతికేళ్ళలో నూట పన్నెండు ఇళ్ళు ఖాళీ చేయించానండీ. సామాన్లు కట్టేవాళ్ళు భార్యలు. సంతకం పెట్టి బండెక్కేవాళ్ళు ఆఫీసర్లు. ఈయన సామాన్లు కడుతున్నారు. కట్టడం రావట్లేదు గానీ, కడుతున్నారు."

అధ్యక్షుడు ఆ మాట రెండుసార్లు చెప్పించి రాయించుకున్నారు.

జూలై 22, మంగళవారం

నా సాక్ష్యం. బోనులో నిలబడటం మొదటిసారి. బల్లకి ఇటువైపు నుంచి చూస్తే గది వేరేగా ఉంటుంది. ఫ్యాను చప్పుడు ఎక్కువ.

పేరు, వయసు, వృత్తి, అన్నీ చెప్పాను. పూల పోటీ గురించి అడిగారు. ఏ పువ్వులని అడిగారు. చెప్పాను. రెండో బహుమతి న్యాయంగా వచ్చిందా అన్నారు. మొదటిదే రావాలన్నాను. గదిలో నవ్వులు. బాగానే జరుగుతోంది!

అధ్యక్షుడు ఫైలు తిప్పుతూ, "ఆరు నెలలు ఎప్పటినుంచి లెక్కపెట్టాలో రికార్డులో ఉండాలి. మీ భార్య చనిపోయిన తేదీ చెప్పండి," అన్నారు.

"ఫైల్లో ఉందండీ. రెండో పేజీ."

"ఉంది. మీ నోటితో చెప్పాలి."

ఈ మాట నేనే ఎంతమందితో అని ఉంటాను. "అమ్మా, కాగితంలో ఉన్నా సరే, నోటితో చెప్పాలి." వాళ్ళు తలొంచుకుని ఊరుకుంటే, గడియారం చూసుకునేవాణ్ణి.

నోరు తెరిచాను. టైపు చేసే ఆయన వేళ్ళు పైకెత్తి ఎదురుచూస్తున్నాడు.

"వాయిదా ఇప్పించండి," అన్నాను.

లాయరమ్మ వెంటనే లేచింది. "సార్‌కి గొంతు బాగాలేదండీ."

అధ్యక్షుడు నా వైపు చూశారు. సొరుగు తెరిచి, తన జలుబు బిళ్ళ ఒకటి తీసి గుమాస్తాతో పంపించారు. వాయిదా రెండు వారాలు.

బిళ్ళ చప్పరిస్తూ ఇంటికి నడిచొచ్చాను. గడువు అడగనన్న నిర్ణయం ఇవాళ్టితో పోయింది. హక్కు, స్టే, లాయరు మాట, వేటి వెనకా దాక్కోవడానికి లేదు. అడిగాను. నోరారా అడిగాను.

ఆగస్టు 5, మంగళవారం

ఉదయం 7.00. అత్తగారు. "ఇవాళ కోర్టా?"

"అవునండీ. తేదీ చెప్పాలట."

ఆవిడే చెప్పారు, తేదీ. ముందు నెల, తర్వాత రోజు, నాకు అప్పచెబుతున్నట్టు. "ఇప్పుడు మీరు చెప్పండి," అన్నారు. చెప్పాను. "ఇంకోసారి," అన్నారు. ఇద్దరం మూడుసార్లు అనుకున్నాం. "వెళ్ళి రండి," అని పెట్టేశారు.

11.40. బోను. చెప్పాను.

మార్చి పదకొండు. మంగళవారం. ఆఫీసులో, కుర్చీలో. ముందు బల్ల మీద ఒక సెలవు కాగితం ఉంది. ఆవిడది కాదు, డ్రైవరుది, వాళ్ళ నాన్నకి బాగాలేదని. సంతకం పెట్టేసింది. డ్రైవరు ఆ సెలవు మీద వెళ్ళనన్నాడు. నేనే బతిమాలి పంపాను.

అడిగింది తేదీ ఒక్కటే. ఎవరూ ఆపలేదు. టైపు చేసే ఆయన అంతా కొట్టేశాడు.

"ఇదంతా రికార్డులో అవసరమా అండీ?" అన్నాడు వసతి కార్యాలయం లాయరు, చాలా నెమ్మదిగా.

"ఉండనీయండి," అన్నారు అధ్యక్షుడు.

తీర్పు పంతొమ్మిదో తారీఖుకి.

ఆగస్టు 12, మంగళవారం

మధ్యాహ్నం 3.00. లాయరమ్మ వచ్చింది. చేతిలో ఫైలు, కళ్ళు ఎర్రగా.

కెప్టెన్‌కి బదిలీ. రెండేళ్ళన్నది రెండున్నర నెలలకే అయిపోయింది. శనివారం బయలుదేరాలి.

"పంతొమ్మిది దాకా ఉండనివ్వమని అడిగాం సార్. కుదరదన్నారు."

ఇలాంటప్పుడు ఏం చెప్పాలో లోకంలో నాకంటే బాగా తెలిసినవాడు లేడు. అయినా తెలియలేదు. కుర్చీ చూపించాను.

"ఫైలు ఎవరికి ఇమ్మంటారు?" అంది.

"నాకియ్యి."

"మీ కేసు మీరేనా సార్?"

"తీర్పు వినడమేగా. అది నేనెప్పుడూ చేయలేదు."

ఏడుస్తూనే నవ్వింది. సర్దడం వచ్చా అని అడిగాను. రాదంది. గ్లాసుల్ని సాక్సుల్లో ఎలా దూర్చాలో చూపించాను. తన చేతులు నావాటికంటే నయం. పన్నెండు గ్లాసులు మూడు నిమిషాల్లో!

ఆగస్టు 19, మంగళవారం

11.05. తీర్పు. మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా నిలబడి విన్నాను. తొమ్మిది పేజీలు. మధ్యలో అధ్యక్షుడు మూడుసార్లు తుమ్మారు. అవి కూడా వదలకుండా విన్నాను.

పిటిషనర్‌ని ఇరవై ఏడో నియమం కింద భార్యగానే చూడాలి. ఆరు నెలల హక్కు ఉంది. ఇకమీదట ఈ హక్కు భర్తలందరికీ వర్తిస్తుంది. ఫారాలు, కార్డుల్లో కొత్త కాలమ్ పెట్టాలి.

గెలిచాం!!

ఆరు నెలలు మరణించిన తేదీ నుంచి లెక్క.

11.40. వరండాలో నిలబడి ఫోన్ చేశాను. లాయరమ్మ కొత్త ఊళ్ళో ఏదో కాంటీన్లో ఉంది. వెనకాల గ్లాసుల చప్పుడు.

"సార్! ఏమైంది?"

"గెలిచావు."

అటువైపు పెద్ద కేక. ఎవరో ఏమైందమ్మా అని అడుగుతున్నారు. "నేను లాయర్ని!" అని వాళ్ళకి చెబుతోంది. తొమ్మిది పేజీలూ చదివి వినిపించాను. ఎక్కడా తొందరపడలేదు. తుమ్ములు కూడా చెప్పాను.

"అయితే ఇంకెన్ని రోజులు ఉండొచ్చు సార్?"

"సెప్టెంబరు పదకొండు. ఇంకో ఇరవై మూడు రోజులు."

లెక్క వేసుకుంటున్నట్టుంది. కాసేపటికి నవ్వు మొదలైంది, ఆపుకోలేకపోయింది. "రెండు నెలలు కొట్లాడి, ఇరవై మూడు రోజులా!"

"పైకోర్టుకి వెళ్దామా?" అన్నాను.

"సార్, వద్దు. ఇల్లు సర్దుకోండి."

నా లాయరు మాట వినడం నా ధర్మం.

ఆగస్టు 20, బుధవారం

ఉదయం 5.30. లేచాను. నిర్ణయం: ఇరవై రెండు రోజుల్లో ఇల్లు ఖాళీ. గడువు అడగను. అడిగినా ఇచ్చేవాళ్ళెవరూ లేరు. ఈ ఇల్లు తర్వాత ఎవరికో జాబితా గారికి కూడా ఇంకా తెలియదట. నా కోసం నేనే ఖాళీ చేయాలి.

కోర్టు వెనక వీధి గది ఇంకా ఉంది. ఇంటాయన "ఇన్నాళ్ళూ ఎక్కడున్నారు?" అన్నాడు. కేసులో ఉన్నానన్నాను.

పథకం:
పడకగది, ఇవాళ.
మిగతావి, తర్వాత రాస్తాను.

9.00. ఆవిడ బీరువా తెరిచాను.

9.05. మూశాను.

9.10. తెరిచాను.

11.00. యూనిఫాం చొక్కాలు నాలుగు. చేతులు లోపలికి మడిచి, గుండీలు పెట్టి, కాలరు నిలబెట్టి. రెండు బాగా వచ్చాయి, రెండు మళ్ళీ విప్పి మడిచాను. పెట్టెలో పెట్టాను. మూత వేసి, పైన పేరు రాశాను. ఆవిడ పేరే, పెద్దగా.

ఐదో చొక్కా తలుపు వెనక వేలాడుతోంది. మార్చి పది సాయంత్రం వచ్చి విప్పి తగిలించింది.

దానికి రేపు ఉదయం పదింటిదాకా గడువు ఇచ్చాను.